నేనేనండి, మన ఊరేనండి

కోనసీమలో మర్యాదకి లోటు లేదు. బస్సు కండక్టరుకి అండీ, కరెంటు రీడింగు తీసేవాడికి అండీ, పక్కింటి ఆవు గేటు తోసుకుని లోపలికొస్తే దానిక్కూడా ‘అటు దయచెయ్యండి’ అనే జనం. కొబ్బరిచెట్టు ఎక్కే మనిషికి మాత్రం ‘ఒరేయ్’. చెట్టు కింద నుంచుని పైకి అరిచే మాట గనక పొట్టిగా ఉండాలి కాబోలు.

విజయదుర్గకి ఈ ‘ఒరేయ్’ అంటే చిన్నప్పట్నుంచీ ఒళ్ళుమంట. కొత్తపేటలో వాళ్ళకీ కొబ్బరితోట ఉంది. డిగ్రీ మధ్యలో మానేసి, ఫోనులో వీడియోలు చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. పగలు ఎరువుల కొట్లకీ ట్యూషన్ సెంటర్లకీ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంది. సాయంత్రమైతే కాలవ లాకుల దగ్గర రేకుల షెడ్డులో దింపు కార్మికుల సంఘంలో కూచుంటుంది. చెట్టెక్కి కాయ దింపేవాళ్ళ సంఘం అది. “మన చెట్ల నీడన పెరిగి మన మీదే జెండా ఎత్తుతోంది చూడండి” అని వాళ్ళమ్మ ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీతోపాటు ఈ మాటా అందిస్తుంది.

జెండాకి కారణం మేస్త్రి గంగాధరరావు. ఏ తోటలో దింపున్నా రైతు ముందు ఆయనకే చెప్పాలి. ఎవడు ఎక్కాలో, ఎవడు గట్టు మీద కూచుని గోళ్ళు గిల్లుకోవాలో ఆయన ఇష్టం. ఎదురు మాట్లాడినవాడికి ఈ దింపూ ఉండదు, పై దింపూ ఉండదు. తెగబోతున్న మోకు మార్చమని అడిగినందుకు జాషువాకి రెండు దింపుల పాటు ఒక్క చెట్టూ దక్కలేదు. నడుముకి కట్టుకునే తాడు అది. తెగితే మనిషే ఉండడు. ఆ కోపంలోనే జాషువా సంఘం పెట్టేడు, ఆ కోపం చూసే విజయదుర్గ అందులో చేరింది.

ఆమె చేసింది చిన్న పని. ఫోనులో తెరుచుకునే ఒక పేజీ. రైతు అందులో ఊరూ తేదీ రాస్తే ఆ రోజుకి ఖాళీగా ఉన్న దింపు కార్మికుల పేర్లు కనిపిస్తాయి. నచ్చినవాళ్ళని నేరుగా పిలుచుకోవచ్చు. మధ్యలో మేస్త్రి అక్కర్లేదు.

“పిల్లలాటండి” అన్నాడు గంగాధరరావు రైతులతో.

రైతులు తెలివైనవాళ్ళు. అవునూ అనలేదు, కాదూ అనలేదు. “శ్రావణం ముందు దింపు దాకా చూద్దామండి. సాఫీగా జరిగితే సంఘం, లేకపోతే మీరే” అన్నారు. వ్రతాల కోసం కాయకి గిరాకీ వచ్చే దింపు అది. అది బెడిసిందంటే జాషువా మళ్ళీ మేస్త్రి గుమ్మంలో నుంచోవాలి, మాట్లాడకుండా.

*

మొదటి వారం పేజీ ఎవరికీ ఎవర్నీ చూపించలేదు. ఎవరు తెరిచినా ‘ఎవరూ లేరు’ అనే చెప్పింది.

షెడ్డులో ఫోను చూసుకునేది సూర్యకుమారి. కాయ ఒలుపులో చెయ్యి తిరిగిన మనిషి, నోరు అంతకన్నా. “విజయమ్మా, ఇంతమంది మొగాళ్ళు గట్టు మీద బీడీలు కాలుస్తుంటే నీ కంప్యూటర్ ఎవరూ లేరంటుందేంటమ్మా? మావాళ్ళు దాని కంటికి ఆనటం లేదా?” అంది.

విజయదుర్గ లోపలికెళ్ళి రైతులు పేజీలో రాసే పెట్టెల్లో ఏం రాసేరో చూసింది. చూసి నుదురు కొట్టుకుంది.

ఊరు దగ్గర: మన ఊరేనండి. తేదీ దగ్గర: మీకు వీలున్నప్పుడేనండి. ఎక్కే మనిషి దగ్గర: ఎవరైనా పరవాలేదండి. చెట్ల ఎత్తు దగ్గర: అంత ఎత్తేం కాదండి, మీరు చూసినవే.

కంప్యూటర్ పాపం నిజాయితీగానే వెతికింది. ‘మన ఊరేనండి’ అనే ఊళ్ళో ‘ఎవరైనా పరవాలేదండి’ అనే పేరుగల మనిషి కోసం. దొరకలేదు.

‘అక్కర్లేని పెట్టెలు ఖాళీగా వదిలెయ్యండి’ అని ఎర్రక్షరాలతో పెట్టింది. ఒక్కరూ వదల్లేదు. తన మేనమావ బాలగంగాధరం గారి దగ్గరికెళ్ళి అడిగింది. రిటైరైన సంస్కృతం మాస్టారు, పెద్ద తోట ఆసామీ. ఊళ్ళో రైతులు ఈయన గొడుగు విప్పితే వాన పడుతున్నట్టు లెక్క వేసుకుంటారు. మేనకోడలి మొహం చూసి సంఘం వైపు వచ్చిన మొదటి పెద్దరైతు ఈయనే. ఆయన వెనకే మిగతావాళ్ళు.

“ఖాళీగా వదలమంటే ఎందుకు వదలరు మావయ్యా?”

“అడిగినదానికి జవాబు చెప్పకుండా ఊరుకుంటే ఏం బావుంటుందమ్మా? పెట్టె ఏమనుకుంటుంది?”

“పెట్టె ఏమీ అనుకోదు.”

“పెట్టింది నువ్వేగా. నువ్వనుకోవూ?”

ఇంక జనాన్ని మార్చడం తన వల్ల కాదని తెలిసి, విజయదుర్గ ప్రోగ్రామునే మార్చింది. పేర్లూ తేదీలూ దాచే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నని క్వెరీ అంటారు. అన్నిటికీ ఒకటే క్వెరీ రాసిపెట్టుకుంటే ఇక్కడ కుదరదు. రైతు ఊరు చెప్తే ఊరి షరతు కలపాలి, తేదీ చెప్తే తేదీ షరతు కలపాలి, చెప్పనిది వదిలెయ్యాలి. ఎప్పటి ప్రశ్న అప్పుడు ముక్కలు కలిపి కట్టుకోవాలి. దానికి డైనమిక్ ఎస్‌క్యూఎల్ అని పెద్ద పేరుంది గానీ, పని మాత్రం పూల దండ కట్టడం లాంటిదే. ఉన్న పూలతో కట్టడమే. దానికి తోడు ఒక మర్యాదల బుట్ట పెట్టింది. ‘మన ఊరే’, ‘మీ వీలు’, ‘పరవాలేదు’, ‘మనవాడే’, ‘నేనే’ ఇలాంటివి ఏ పెట్టెలో కనిపించినా అవి బుట్టలో పడతాయి, ఆ షరతు లేచిపోతుంది.

మర్నాటి నుంచి పేజీ గలగలా పేర్లు చెప్పింది. రైతులు పిలిచేరు, సంఘంవాళ్ళు ఎక్కేరు. మేస్త్రి టీకొట్టు దగ్గర రెండో టీ కూడా తాగడం మొదలెట్టేడు.

*

ఆదివారం అమలాపురం నుంచి దత్తసాయి షెడ్డుకి వచ్చేడు. బాలగంగాధరం గారి కొడుకు, విజయదుర్గకి బావ. అక్కడో ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్లు చెప్తాడు. మరదలు రాసిన ప్రోగ్రాములో తప్పు దొరికితే ఆయనకి ఆ పూట అన్నంలో నెయ్యి ఎక్కువ వేసినంత ఆనందం.

“ఏదీ, మీ విప్లవం చూపించు” అంటూ ఫోను లాక్కుని, ఎక్కే మనిషి పేరు పెట్టెలో ఏదో టకటకా కొట్టేడు. తెర నిండా సంఘంవాళ్ళందరి పేర్లూ, ఇళ్ళ అడ్రసులూ, ఇంట్లో ఆడవాళ్ళ ఫోను నంబర్లూ వరదొచ్చినట్టు వచ్చేసేయి.

విజయదుర్గ ఫోను వెనక్కి లాక్కుంది. “ఏం చేసేవు బావా?”

“నేనేం చేసేను? ఒక కొటేషన్ మార్కు పెట్టి, దాని వెనకాల ‘లేదా ఒకటీ ఒకటీ సమానమైనా సరే’ అని రాసేను. ఒకటీ ఒకటీ సమానమే కదా పాపం. అందరూ వచ్చేసేరు.”

“మన ఊళ్ళో ఎవడు చేస్తాడిలా?”

“నేను చేసేనుగా. నేనూ మన ఊరివాణ్ణే. పోనీ ఇంకోడు కావాలా? మేస్త్రిగారి మేనల్లుడు మా కాలేజీలోనే చదువుతున్నాడు. మొన్ననే ఈ పాఠం చెప్పేను. బాగా అర్థమయిందన్నాడు.”

సూర్యకుమారి పక్కకి తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. విజయదుర్గ నవ్వలేదు.

“మా నాన్న సంకల్పం చెప్పించడం చూసేవుగా” అన్నాడు దత్తసాయి, పాఠం చెప్పే గొంతు తెచ్చుకుని. “మీ గోత్రమేంటండీ అని అడిగేరనుకో. వాడు ‘భారద్వాజస గోత్రమండి, పూజ ఆపేసి విస్తళ్ళు వేసెయ్యండి’ అన్నాడనుకో. నాన్న ఏం చేస్తారు?”

విజయదుర్గ ఒక్క క్షణం ఊహించుకుంది. నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. “అదంతా గోత్రమే కాబోలనుకుని, ‘పూజ ఆపేసి విస్తళ్ళు వేసెయ్యండి గోత్రోద్భవస్య’ అని చదివేస్తారు. పూజ మాత్రం ఆపరు.”

“అదీ. మంత్రం ముందే ఖాయం. గోత్రం దగ్గర ఒక ఖాళీ ఉంటుంది. అందులో ఏం పోసినా గోత్రమే అవుతుంది, మంత్రం అవదు. నువ్వేమో ఎదటివాడి నోట్లోంచి ఊడిపడిందల్లా మంత్రంలో కలిపేసి చదువుతున్నావు. వాడు విస్తళ్ళు వెయ్యమంటే వేసేస్తున్నావు.”

ఆమెకి ఒళ్ళు మండింది. మండినా మాట నిజం. అక్కడికక్కడే కూచుని మార్చింది. క్వెరీలో విలువ ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం ఒక్కటే పెట్టి, రైతు రాసింది విడిగా పంపింది. ఇప్పుడు వాడు ఏం రాసినా అది పేరే అవుతుంది. పేర్లు ఏ వరసలో చూపించాలో అడిగే చోట ఆ ఉపాయం పనిచెయ్యదు, అక్కడ కావలసింది పేర్లు దాచిన టేబుల్లో గడి పేరు. దానికి ఊరూ పేరూ తేదీ అని తనే మూడు రాసి పెట్టుకుని, ఇంకేం వచ్చినా తోసెయ్యమంది. దత్తసాయి మళ్ళీ కొటేషన్ మార్కు కొట్టి చూసేడు. ‘ఆ పేరుగలవారు ఎవరూ లేరండి’ అంది పేజీ.

“పరవాలేదే, ఎక్కి వస్తున్నావు” అని లేచేడు. గుమ్మం దగ్గర ఆగేడు. “ఇంకోటి. నీ మర్యాదల బుట్టలో షరతులన్నీ పడిపోయేయనుకో. అప్పుడేమవుతుంది?”

“అందరూ కనిపిస్తారు. కనిపిస్తే ఏం పోయింది? ఎన్నుకుంటారు.”

“చూసేదానికైతే పరవాలేదు గానీ...”

“బస్సు పోతుంది బావా. నీకూ మర్యాదలు మొదలయ్యేయి. వెళ్ళు.”

బస్సు నిజంగానే హారన్ కొట్టింది. ఆయన పరిగెత్తేడు. ఆ ‘గానీ’ తర్వాతి మాట అమలాపురం వెళ్ళిపోయింది.

రెండ్రోజులకి రైతులు రద్దు పేజీ కావాలన్నారు. తోటలో నీళ్ళు నిలిచేయనో, ఇంట్లో ఇబ్బందనో దింపు మానుకోవాల్సి వస్తే చెప్పుకోడానికి. ఒకసారి రాసింది మళ్ళీ రాయడమంటే విజయదుర్గకి చిరాకు. షరతులు కలిపి కట్టే ముక్క వెతికే పేజీ కోసం రాసిందే ఉంది కదా, దాన్నే తెచ్చి రద్దు పేజీకి తగిలించింది. మర్యాదల బుట్టతో సహా.

*

తర్వాతి వారం గురువారం నుంచి శ్రావణం ముందు పెద్ద దింపు. మండలంలో సగం తోటలు సంఘానికే చెప్పుకున్నాయి. బుధవారం మధ్యాన్నం ఆమె ఇంట్లో అన్నానికి కూచుందో లేదో ఫోను మోగింది.

“విజయమ్మా, ఏంటమ్మా ఇదీ?” సూర్యకుమారి గొంతులో ఈసారి వెటకారం లేదు. “మా ఆయనకి రద్దు. మా మరిదికి రద్దు. జాషువాకి రద్దు. ఫోను కింద పెడితే మోగుతోంది. రైతులకీ వెళ్ళేయంట మెసేజులు.”

విజయదుర్గ చెయ్యి కడుక్కోకుండా స్కూటీ తీసింది. షెడ్డు ముందు సంఘంవాళ్ళు గుంపుగా నుంచుని ఫోన్లు చూసుకుంటున్నారు. అందరి ఫోనులోనూ ఒకటే ముక్క. ‘మీ దింపు రద్దయిందండి. శ్రమ ఇచ్చినందుకు మన్నించండి.’ ఆ మన్నించండి ఆమె రాసిందే.

కాలవ గట్టు మీద మోటారు సైకిలు ఆగింది. మేస్త్రి గంగాధరరావు. దిగలేదు కూడా. “ఏమ్మా, కంప్యూటర్‌కి జ్వరమొచ్చిందటగా? ఆయ్, పరవాలేదు. పసిది కదా, వస్తుంటాయి. రైతులు కంగారుపడుతుంటే రేపు మా కుర్రాళ్ళని పంపుతానని చెప్పేనండి. నువ్వు దానికి కషాయం పట్టించుకో.” జాషువా వైపు చూసేడు. “ఒరేయ్ జాషువా, నువ్వూ రావాలంటే పొద్దున్నే రా. మోకు నీదే తెచ్చుకో.”

జాషువా అటు తిరిగి షెడ్డులోకి నడిచేడు.

విజయదుర్గ లాప్‌టాప్ తెరిచింది. డేటాబేస్‌కి వెళ్ళిన చివరి ఆజ్ఞ చూసింది. ‘దింపులు రద్దు చెయ్యి.’ అంతే. ఎవరివి, ఎప్పటివి, ఎక్కడివి అనే షరతు ఒక్కటీ లేదు. షరతు లేకపోతే ఏం చెయ్యాలో డేటాబేస్‌కి బాగా తెలుసు. అన్నీ రద్దు చేసేసింది.

రద్దు పేజీలో ఎవరో రాసిన రాత కూడా అక్కడే ఉంది. పేరు: నేనేనండి. ఊరు: మన ఊరేనండి. తేదీ: మీకు వీలున్న రోజేనండి. ఎక్కే మనిషి: మనవాడేనండి.

నాలుగూ బుట్టలో పడ్డాయి. నాలుగు షరతులూ లేచిపోయేయి. ఇది రాసినవాళ్ళెవరో వెతకక్కర్లేదు. ఇంత మర్యాద జిల్లా మొత్తానికి ఒక్కరికే ఉంది. ఆయనకే ఫోను చేసింది.

“మావయ్యా, రద్దు పేజీ మీరేనా తెరిచింది?”

“ఆయ్, నేనేనమ్మా. గురువారం అమ్మ ఆబ్దికం పడింది. పంచాంగం ఆలస్యంగా చూసుకున్నాను. అందుకని...”

“పేరు రాయలేదేం?”

“రాసేనుగా, నేనేనండి అని. తెలిసినవాళ్ళకి పేరు చెప్పుకోవడమేంటమ్మా, పరాయివాళ్ళని చేసినట్టు? తలుపు కొడితే నువ్వు మాత్రం ఏమంటావు? నేనే మావయ్యా అనవూ?”

“తేదీ?”

“గురువారమే రద్దు చెయ్యండి అని రాస్తే శాసించినట్టుంటుంది కదా. మీ వీలు చూసుకోండి అన్నాను.”

“మావయ్యా, మీతోపాటు మండలంలో దింపులన్నీ రద్దయిపోయేయి.”

“అయ్యో” అన్నారాయన నిజంగా బాధపడి. “అందరిళ్ళలోనూ ఆబ్దికమేనా తల్లీ?”

ఫోను పెట్టేసి బావకి చేసింది. సంగతంతా విని దత్తసాయి నవ్వేడు. ఆగి, మళ్ళీ నవ్వేడు.

“నవ్వు అయిపోయేక చెప్పు” అంది. అది విని ఆయన నవ్వు ఆపేసేడు.

“ముందు దేన్నీ ముట్టుకోకు” అన్నాడు. “అన్నిటినీ తిరిగి నిలబెట్టెయ్ అని ఒక్క దెబ్బ వేసేవనుకో, నిన్నా మొన్నా నిజంగా మానుకున్నవాళ్ళ తోటల్లో కూడా మనవాళ్ళు పొద్దున్నే చెట్లెక్కి కూచుంటారు. రద్దయిన టైము ప్రతి దానికీ ఉందా?”

“ఉంది.”

“టేబుల్లో వరసలు తుడిచెయ్యలేదుగా?”

“లేదు. రద్దు అని గుర్తు మాత్రమే మారుతుంది.”

“బతికేవు. నాన్న వేలితో నొక్కిన ఆ నిమిషంలో రద్దయినవి ఏంటో ముందు చూడు. చూడు, మార్చకు. మనుషులకి చదివి వినిపించు. సరే అనిపించేక అదే షరతుతో మార్చు. ఎన్ని మారేయో లెక్క చూసుకో. సరిపోతేనే ఖాయం చెయ్యి. తేడా వస్తే వెనక్కి లాగెయ్. ఖాయం చెయ్యనంత సేపూ వెనక్కి లాగొచ్చు, భయపడకు.”

చూడమన్న క్వెరీ రాసింది. పేర్లు వచ్చేయి. ఒక్కొక్కటీ చదువుతుంటే సూర్యకుమారి వేళ్ళు ముడుస్తూ ఊఁ కొట్టింది. “సోమవారం ఆసుపత్రి పని మీద మానుకున్నాయన పేరు రాలేదుగా? మంచిది, రాకూడదు” అంది. ఇంకో నాలుగు పేర్లయ్యేక చెయ్యి అడ్డం పెట్టింది. “ఆగు. మీ మావయ్యగారిది కూడా ఉంది. ఆయనది నిజం రద్దు గదా? రేపు ఆయన తద్దినం పెట్టుకుంటుంటే మావాడు నెత్తి మీద గెల పడేస్తాడు.”

విజయదుర్గ నాలిక్కరుచుకుని ఆయన దింపుని తప్పించి షరతు మళ్ళీ రాసింది. మార్చింది. లెక్క సరిపోయింది. ఖాయం చేసింది. అప్పుడు గానీ చేతికి ఎండిపోయిన పప్పన్నం ఆమెకి కనిపించలేదు.

“అందరికీ మళ్ళీ మెసేజు పంపుతున్నానన్నా” అంది జాషువాతో.

“వద్దమ్మా” అన్నాడు జాషువా. “ఇప్పుడు నీ మెసేజు చూస్తే జనం నవ్వుతారు. మేమే వెళ్తాం.”

చీకటి పడకుండానే సంఘంవాళ్ళు సైకిళ్ళ మీదా బళ్ళ మీదా తలో దారీ పట్టేరు. తోట తోటకీ వెళ్ళి గేటు దగ్గర నుంచుని, “రేపు వస్తున్నామండి, ఆ మెసేజు నమ్మకండి” అని మొహం చూపించి వచ్చేరు. చాలామంది రైతులు సరేనన్నారు. కొందరు మాత్రం అప్పటికే మేస్త్రికి మాటిచ్చేసేరు. ఆ తోటలు పోయేయి. సరేనన్నవాళ్ళు కూడా, “ఆదివారం షెడ్డులో కలుద్దాం, మాస్టారు ఏమంటారో చూద్దామండి” అన్నారు.

*

మిగిలిన తోటల్లో దింపు సాఫీగానే సాగింది. ఆదివారం షెడ్డు నిండిపోయింది. రైతులు బల్లల మీద, సంఘంవాళ్ళు నిలబడి. రోడ్డవతల టీకొట్టు దగ్గర మేస్త్రి గ్లాసు పట్టుకుని ఇటే చూస్తున్నాడు. దత్తసాయి గోడకి ఆనుకుని ఉన్నాడు. బాలగంగాధరం గారు గొడుగు ముడిచి మూలన పెట్టి కూచున్నారు.

“నా వల్ల అందరికీ శ్రమ కలిగిందండి” అన్నారు. “తప్పు నాదో యంత్రానిదో తెలియక వచ్చేను.”

“నాది మావయ్యా” అంది విజయదుర్గ. “షరతులన్నీ రాలిపోతే ఆగాలని దానికి నేను చెప్పలేదు. చూపించడానికి షరతు లేకపోయినా పరవాలేదు. మార్చడానికి లేకపోతే అసలు కదలకూడదు. ఇప్పుడు చెప్పేను. ఒక రద్దుకి ఒకటే మారుతుంది. రెండోది మారబోతే తనే వెనక్కి లాగేసుకుంటుంది. కావాలంటే మళ్ళీ చెడగొట్టి చూడండి.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని రద్దు పేజీ తెరిచి, అలవాటు కొద్దీ పేరు దగ్గర నేనేనండి అని రాసేరు. పేజీ వెంటనే జవాబిచ్చింది. ఆయన పైకి చదివేరు.

“‘మీరేనండి, మాకు తెలుసండి. అయినా పేరు చెప్తే గానీ కుదరదండి.’”

షెడ్డు రేకులు అదిరేలా నవ్వేరు. ఆయనా నవ్వేరు. ఆ నవ్వులో జాషువా ముందుకొచ్చేడు.

“అయ్యగారూ, ఒక మాటండి. పెట్టెకి అన్ని అండీలు పెట్టేరు. అది ప్లాస్టిక్కు. మీ నాన్నగారి హయాం నుంచీ మీ చెట్లెక్కుతున్నాను. నాకెప్పుడూ ఒక్కటీ పెట్టలేదండి.”

నవ్వుతూనే అన్నాడు. షెడ్డులో మాత్రం నవ్వు ఆగిపోయింది. రైతుల్లో ఒకాయన చెప్పుల వైపు చూసుకున్నాడు. మేస్త్రి గ్లాసు పట్టుకునే రోడ్డు దాటి గుమ్మం దగ్గరికొచ్చేడు.

బాలగంగాధరం గారు ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, వెతికే పేజీ తెరిచి, ఒక్కొక్క అక్షరమే నొక్కడం మొదలెట్టేరు. ఊరు దగ్గర కొత్తపేట అని రాసేరు. తేదీ దగ్గర తేదీయే రాసేరు. ఎక్కే మనిషి దగ్గర వేలు ఆగింది. ‘జాషువా’ అని రాసేరు. మళ్ళీ ఆగేరు. ‘గారు’ అని చేర్చేరు. నొక్కేరు.

‘ఆ పేరుగలవారు ఎవరూ లేరండి.’

మేస్త్రి పకపకా నవ్వేడు. “చూసేరా అండీ! మనిషి ఎదురుగా ఉంటే లేడంటుంది. దీనికంటే మా కేక నయం.”

రైతుల్లో గుసగుస లేచింది. విజయదుర్గ తెర మీదకి వంగింది. ఇంత చేసి ఇక్కడ తెగుతుందా తాడు?

దత్తసాయి ఆమె చెవి దగ్గరికొచ్చేడు. “కంగారుపడకు. టేబుల్లో వట్టి ‘జాషువా’యే ఉంది. పేరు వెనక ‘గారు’ వస్తే అదొక్కటీ మర్యాదల బుట్టలో వేసెయ్. తీసేసి వెతుకుతుంది. ఒక్క ముక్క పని.”

ఆమె బావ మొహం చూసింది. మావయ్య వేలు చూసింది. ఇంకా ఆ ‘గారు’ మీదే ఉంది.

“తియ్యను” అంది.

లాప్‌టాప్ అందరికీ కనిపించేలా తిప్పింది. టేబుల్లో సంఘంవాళ్ళ పేర్లున్న గడిని మార్చమని ఒక ఆజ్ఞ రాసింది. ప్రతి పేరు వెనకా, మావయ్య రాసినట్టే, ‘గారు’ చేర్చమని. అంతటితో ఆపేసింది.

“విజయా!” దత్తసాయి గోడ వదిలి వచ్చేసేడు. “షరతు ఏదీ? ఎవరికని చెప్పలేదు! మళ్ళీ అందరికీ...”

“అందరికీనే బావా. ఈసారి కావాలనే. ఇంక గారు అనకుండా వెతికితే ఎవరూ దొరకరు.”

నొక్కింది. ఎన్ని పేర్లు మారేయో చదివింది. సంఘంలో ఎంతమంది ఉన్నారన్నా అని జాషువాని అడిగింది. అతను చెప్పేడు. రెండూ ఒకటే. ఖాయం చేసింది.

“పేరు గడిలో గౌరవం కలపకూడదు” దత్తసాయి గొణిగేడు. “దానికి వేరే గడి ఉండాలి. పాఠంలో...”

“నీ గౌరవం వేరే గడిలో దాచుకో. మావయ్యా, మళ్ళీ నొక్కండి.”

బాలగంగాధరం గారు మళ్ళీ నొక్కేరు. తెర చూసి పైకి చదివేరు, సంకల్పం చెప్పే గొంతుతో. “జాషువాగారు. కొత్తపేట. సోమవారం ఖాళీ.” తలెత్తి అడిగేరు. “సోమవారం వస్తారాండీ?”

“ఆయ్, వస్తానండి” అన్నాడు జాషువా.

ఒక రైతు జేబులోంచి ఫోను తీసేడు. పక్కాయన కళ్ళజోడు వెతుక్కున్నాడు. సూర్యకుమారి తెర దగ్గరికి వంగి వాళ్ళాయన పేరు చూసుకుని, “ఈయనకీ పడిందండోయ్ గారు! ఇంటికెళ్ళేక నేనూ అనాలేంటిప్పుడు?” అంది. గుమ్మం దగ్గర మేస్త్రి గ్లాసు కిందపెట్టి, మోటారు సైకిలు స్టార్టు చేసేడు. అది రెండు తన్నులకి గానీ అందుకోలేదు.

జాషువా మాత్రం బుర్ర గోక్కుంటూ విజయదుర్గ దగ్గరికొచ్చేడు.

“అమ్మా, ఒక్కటే భయంగా ఉందమ్మా” అన్నాడు. “చెట్టు చివర గెల కోస్తుంటే కింద నుంచి ఎవరైనా ‘జాషువాగారూ’ అని పిలిచేరనుకో, అలవాటు లేదు గదా, ఎవరొచ్చేరా అని రెండు చేతులూ వదిలేసి కిందకి చూస్తానేమో. మోకు కొత్తది కొనాలమ్మా ముందు.”